కరువు పని

మా మేనత్త నోట "ఉపాధి హామీ" అనే మాట నేనెప్పుడూ వినలేదు. "కరువు పనికి పోతున్న" అంటుంది. ఆ ఏడు వానలు దంచికొట్టి చెరువు మత్తడి దూకుతున్నా సరే, అది కరువు పనే. దోమ మండలంలో మా ఊరి చుట్టుపక్కల ఎవర్ని కదిపినా ఇదే మాట. మరీ విడమరిచి చెప్పాల్సొస్తే "వంద రోజుల పని" అంటారు. చట్టం అసలు పేరు, 2009లో దాని ముందు చేరిన మహాత్ముడి పేరు ఆఫీసు కాగితాల మీదే ఉండిపోయాయి.

మాటల మీద కాస్త పిచ్చి ఉన్నవాణ్ణి కాబట్టి ఈ మాట దగ్గర కొంచెం ఆగుతాను. కరువు పని అనేది పాత జ్ఞాపకం. వానలు పడని ఏడు సర్కారు రోడ్డు మీద కంకర కొట్టించేది, చెరువు కట్ట మీద మట్టి పోయించేది, సాయంత్రానికి ఇన్ని గింజలో నాలుగు డబ్బులో చేతిలో పెట్టేది. 1880 నాటి కరువు కమిషన్ తర్వాత బ్రిటిష్ వాళ్ళు రాసుకున్న నిబంధనల్లో ఉన్నదీ ఇదే పద్ధతి. కరువొచ్చిందని పైవాళ్ళు తేలిస్తే పని మొదలవుతుంది, పోయిందని వాళ్ళే తేలిస్తే ఆగిపోతుంది. మధ్యలో కూలివాడు చెప్పేదేమీ ఉండదు.

2005 చట్టం దీన్ని తిరగేసింది. కరువుందో లేదో తేల్చే పని కూలికి వెళ్ళే మనిషికే వదిలేసింది. నాకు పని కావాలి అని రాసిచ్చి, తారీఖు వేసిన రసీదు తీసుకుంటే, పదిహేను రోజుల్లో పని చూపించాలి. చూపించకపోతే నిరుద్యోగ భృతి కట్టాలి. మొదటి ముప్ఫై రోజులకు కూలిలో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత సగం. మన దేశంలో ఎన్ని పథకాలు లేవు, కానీ ప్రభుత్వం ఆలస్యం చేస్తే పేదవాడికి జరిమానా కట్టాలనేది వాటిలో ఎన్నిట్లో ఉంది? ఇంత కొత్త వస్తువుని మా ఊరివాళ్ళు అంత పాత పేరుతో ఎందుకు పిలుస్తున్నారన్నది నన్ను చాలాకాలంగా పట్టుకున్న ప్రశ్న.

దోమ ఎక్కడుందో చాలామందికి తెలియదు. హైదరాబాదు నుంచి చేవెళ్ళ, మన్నెగూడ దాటి పరిగికి వెళ్ళి, అక్కణ్ణుంచి లోపలికి తిరగాలి. నూరు కిలోమీటర్లు కూడా ఉండదు. అటు పక్కన తాండూరు, దాని బండల గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, ఈ మధ్య భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న కందులు. మా వైపు కంది, పత్తి, జొన్న, మక్క. తండాలు ఎక్కువ. పంట పోయిన ఏడు బొంబాయికో పుణెకో మూటలు కట్టుకుని పోవడం తాతల కాలం నుంచీ ఉన్నదే. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా పుట్టేదాకా మాది రంగారెడ్డి జిల్లా. నేను ఉద్యోగం చేసే గచ్చిబౌలిదీ రంగారెడ్డి జిల్లాయే. అంటే ఒకే కలెక్టరు కింద ఒక కొసన అద్దాల మేడలు, ఇంకో కొసన రాళ్ళ చెలకలు. రెంటినీ కలిపి తలసరి ఆదాయం లెక్కగట్టి, జిల్లా బాగుందనేవాళ్ళు. సగటు ఎంత పనికిమాలిన సంఖ్యో కాలేజీలో స్టాటిస్టిక్స్ పాఠం కంటే ముందే మా జిల్లా నాకు నేర్పింది. అయినా 2006లో ఉపాధి హామీ మొదటి విడతకు దేశం మొత్తమ్మీద ఎంచిన 200 జిల్లాల్లో ఆంధ్రప్రదేశ్ వంతు 13 అయితే, అందులో హైటెక్ సిటీ ఉన్న రంగారెడ్డి కూడా ఒకటి. ఆ జాబితా తయారు చేసినవాళ్ళెవరో సగటు దాటి చూశారు.

ఆ ఏడు ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ పథకాన్ని ప్రారంభించాడు. ఆలోచన మాత్రం మహారాష్ట్రది. 1972 కరువులో అక్కడ మొదలైన పనులే 1977లో చట్టమై 1979 నుంచి అమల్లోకి వచ్చాయి. దాని ఖర్చుకోసం వాళ్ళు పట్నాల్లో జీతగాళ్ళ మీద వృత్తి పన్ను వేశారు. ఇది తెలిశాక నా పేస్లిప్పులో నెలనెలా కోసే 200 రూపాయల వృత్తి పన్ను గడి నాకు కొత్తగా కనపడసాగింది. మన దగ్గర ఆ డబ్బుకీ పల్లె కూలికీ అలాంటి ముడేమీ లేదు. ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. ఎవరి కూలికి ఎవరు కడుతున్నారో కనీసం పేరు పేరునా తెలిసేది.

మా ఇంట్లో ఈ పథకం మీద ఇరవై ఏళ్ళుగా తగువు నడుస్తోంది. ఒక పక్క మేనత్త, ఇంకో పక్క చిన్నాయన. చిన్నాయనకు ఏడెకరాలు, మూడెకరాలకు బోరు నీళ్ళు. మేనత్తకు ఎకరం మీద కొంచెం, అదీ రాళ్ళ చెలక. ఏ పండక్కి వెళ్ళినా అన్నాల దగ్గర ఈ మాట లేవకుండా ఉండదు.

"ఈ కరువు పని వచ్చినంక కూలోళ్ళ ఇండ్ల సుట్టు తిరుగుడైంది రా. పొద్దుగాల పోయి పిలుస్తె, ఈ వారం మస్టర్ల పేరున్నది, వచ్చే వారం సూద్దాం అంటున్నరు," అంటాడు చిన్నాయన.

మేనత్త ఊరుకోదు. "ముప్పై రూపాయలకు పొద్దూకేదాక నడుము ఇరగ కలుపు తీసినప్పుడు నువ్వు మా ఇండ్ల సుట్టు తిరిగినవా తమ్మీ?"

ఆ ముప్ఫై రూపాయలు నాకూ గుర్తే. 2006లో నేను ఇంజనీరింగు మొదటి సంవత్సరం. మా చేలో కలుపుకొచ్చిన ఆడవాళ్ళకు ముప్ఫయ్యో ముప్ఫై ఐదో ఇచ్చేవాళ్ళం, మగవాళ్ళకు దానికి రెట్టింపు. నా ఫీజులో కొంత భాగం ఆ తేడాలోంచి వచ్చిందే. ఉపాధి పనిలో ఆడైనా మగైనా ఒకటే రేటు, మొదట్లో రోజుకు 80 రూపాయలు. అదీ కొలతల మీద. ఎంత మట్టి తీశారో టేపు పెట్టి కొలిచి లెక్క వేస్తారు. మా మొరం నేలలో గడ్డపార దిగదు కాబట్టి చాలా వారాలు 80 నిండేది కాదు. పైగా డబ్బులు పోస్టాఫీసు చుట్టూ తిరిగితే కానీ చేతికి రావు. ఇన్ని లోపాలున్నా, రెండేళ్ళు తిరిగేసరికి మా చేలో కలుపు కూలి పెరిగింది. ఎవరూ సమ్మె చేయలేదు, సంఘం పెట్టలేదు, జెండా పాతలేదు. ఆడవాళ్ళు "రాము" అన్నారు, అంతే.

నేను చెప్పేది మా ఒక్క ఊరి ముచ్చట కాదనడానికి గట్టి ఆధారమే ఉంది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఎనిమిది జిల్లాల్లో 157 మండలాలు తీసుకుని పెద్ద ప్రయోగం చేశారు. రంగారెడ్డి అందులో లేదు కానీ నల్లగొండ, ఖమ్మం, ఆదిలాబాద్ ఉన్నాయి. ఉపాధి కూలి డబ్బులు వేలిముద్రల స్మార్ట్‌కార్డుతో ఊళ్ళోనే ఇచ్చే పద్ధతిని కొన్ని మండలాల్లో ముందు, కొన్నిట్లో తర్వాత పెట్టారు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది లాటరీ. ముందు వచ్చిన మండలాల్లో డబ్బు తొందరగా అందింది, మధ్యలో కాజేసేది తగ్గింది. ఇంతవరకు ఊహించగలిగిందే. 2023లో ఎకానొమెట్రికా పత్రికలో వాళ్ళు అచ్చు వేసిన రెండో ఫలితమే అసలు సంగతి. అక్కడి పేద కుటుంబాల ఆదాయం 14 శాతం పెరిగింది, కానీ ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి పని నుంచి వచ్చింది కాదు. రైతుల దగ్గర, బయట, మామూలు కూలి పనుల్లో వచ్చింది.

ఈ సంఖ్యని నేను చాలాసార్లు తిరగేసి చూశాను. పథకం డబ్బు ఇచ్చింది గోరంత. అది పక్కన నిలబడి ఉండటం వల్ల మిగతా చోట్ల వచ్చింది కొండంత. పని కావాలంటే అడగడానికి ఇంకో చోటుందని తెలిసిన మనిషి తక్కువకు ఒప్పుకోదు. కూలి పెరిగితే రైతులు పనులు మానేస్తారని, అసలుకే మోసం వస్తుందని అనేవాళ్ళు కదా, అదీ జరగలేదు. పనులు కూడా పెరిగాయి. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్ళల్లో మరీ ఎక్కువగా పెరిగాయి. అంటే అంతకు ముందున్న కూలి రేటు గిరాకీని బట్టి కుదిరింది కాదు, నలుగురు పెద్ద రైతులు రచ్చబండ దగ్గర అనుకున్న రేటు అన్నమాట.

చిన్నాయన పట్ల కూడా న్యాయంగా ఉండాలి. ఆ పేపరే ఇంకో మాట చెబుతుంది: భూమి మీద రాబడి తగ్గింది. కాబట్టి ఆయన గోడు ఉత్తదేమీ కాదు. పత్తి ధర ఆయన చేతిలో లేదు, మందుల ధర లేదు, బోరు ఎప్పుడు ఎండుతుందో తెలియదు. ఆయన బేరం ఆడగలిగిన ఏకైక ఖర్చు కూలి, అదీ చేయి జారింది. మేనత్త గెలుపులో కొంత ఆయన నష్టం ఉంది. పేదరికం తగ్గించే విధానాల గురించి రాసేవాళ్ళు ఈ మాట దాటేస్తారు, అందరికీ మేలే అన్నట్టు రాస్తారు. ఏడెకరాల రైతుకు గిట్టుబాటు ధర ఇవ్వకుండా కూలి రేటు ఒక్కటే పెంచితే ఇద్దరు అక్కాతమ్ముళ్ళకు అన్నాల దగ్గర తగువొస్తుంది. మా ఇంట్లో వచ్చింది.

"రాము" అనగలగడానికి మా ప్రాంతంలో చాలా చరిత్ర ఉంది. నిజాం కాలపు తెలంగాణలో వెట్టి అంటే పని చేయనని అనలేకపోవడం. 1946 నుంచి 1951 అక్టోబరు దాకా నల్లగొండ, వరంగల్ వైపు సాగిన సాయుధ పోరాటానికి వెట్టి మీద కోపమే పునాది. పోరాటం ముగిశాక, ముగుస్తుండగా కూడా, రాజ్యం మాట్లాడింది భూమి గురించి: 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం, 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వినోబా భూదానం. భూమి దొరకనివాడి సంగతి ఏమిటన్నది ఎక్కువమంది అడగలేదు. కనీస వేతనాల చట్టం 1948లోనే వచ్చింది. మా ఊళ్ళో దాని పేరు విన్నవాళ్ళని చూపిస్తే నా ఒక నెల జీతం ఇస్తాను. జీతం ఉండటం, అంటే ఏడాది మొత్తానికి ముందే ఇంత అప్పు తీసుకుని ఒక ఇంట్లో పనికి కుదరటం, 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చాక కూడా చాలా ఏళ్ళు నడిచింది. తర్వాత ఉత్తర తెలంగాణలో రైతుకూలీ సంఘాలు కూలి రేట్ల కోసం కొట్లాడాయి, దాని వెంట తుపాకులు, ఎన్‌కౌంటర్లు. 2004 అక్టోబరులో నక్సలైట్లతో ప్రభుత్వం చర్చలకు కూర్చుంది, కొద్ది నెలల్లోనే అవి చెడిపోయాయి. చెడిపోయిన ఏడాదికి బండ్లపల్లి. ఆ రెంటికీ సంబంధం ఉందని ఎవరూ అధికారికంగా అనలేదు, నేనూ అనను. కానీ ఇన్ని దశాబ్దాల గొడవలో భూమిలేని మనిషికి రాజ్యం రాసిచ్చిన మొదటి హక్కుపత్రం ఆ జాబ్ కార్డే.

యుద్ధం నుంచి బయటపడ్డ ఇంకో దేశం ఇదే దారి పట్టింది. నేపాల్‌లో 1996 నుంచి 2006 దాకా పదేళ్ళ అంతర్యుద్ధం. 2015 రాజ్యాంగంలో పని హక్కుని ప్రాథమిక హక్కుగా రాసుకున్నారు. 2018లో చట్టం చేశారు, మనలాగే ఏడాదికి కనీసం వంద రోజులు, ఇవ్వలేకపోతే భృతి. ప్రధానమంత్రి ఉపాధి కార్యక్రమం అని పేరు. మొదటి ఏడాది సగటున దొరికిన పని రెండు వారాలు కూడా లేదు. అక్కడి కుర్రవాళ్ళు గల్ఫుకీ మలేసియాకీ విమానాలు ఎక్కుతూనే ఉన్నారు. చట్టంలో వంద అని రాయడం తేలిక. అడిగినవాడి మాట ఎక్కడ నమోదవుతుంది, ఎవరు నమోదు చేస్తారు అన్న దగ్గర అసలు కథ ఉంటుంది. అది నా వృత్తికి సంబంధించిన విషయం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి నుంచీ ఉపాధి హామీ సాఫ్ట్‌వేరు మీదే నడిచింది. టీసీఎస్ రాసింది. ఎవరు ఏ వారం ఏ పనికి వెళ్ళారు, ఎంత మట్టి తీశారు, ఎంత వచ్చింది, అన్నీ ఎవరైనా చూసుకునేలా వెబ్‌సైట్‌లో పెట్టారు. అప్పటికి అది మామూలు విషయం కాదు. కాలేజీ ల్యాబులో కూర్చుని మా ఊరి మస్టర్ తెరిచినప్పుడు మేనత్త పేరు కనపడింది. ఇంటర్నెట్‌లో మా ఇంటి మనిషి పేరు నేను చూడటం అదే మొదటిసారి, నా పేరు కంటే ముందు.

ఆ సమాచారానికి విలువ సామాజిక తనిఖీ వల్ల వచ్చింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళు నడిపిన బహిరంగ విచారణల పద్ధతిని ఇక్కడ ప్రభుత్వమే చేపట్టింది. 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీ పెట్టి, ఆ సంఘటన్‌లో పనిచేసి వచ్చిన సౌమ్య కిడాంబికి అప్పగించింది. కంప్యూటరులోని మస్టర్లు ప్రింటు తీసి, పక్క మండలాల కుర్రవాళ్ళు ఇంటింటికీ తిరిగి "నువ్వు ఆ వారం పోయినవా, ఇన్ని పైసలు వచ్చినయా" అని అడిగి, చివర్న మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదివేవాళ్ళు. చనిపోయినవాళ్ళు మట్టి మోసిన సంగతులు, పుణెలో ఉన్నవాడు ఊళ్ళో కందకం తవ్విన సంగతులు అక్కడ బయటపడేవి. తేలిన సొమ్ములో తిరిగి వసూలైంది తక్కువేనన్నది నిజమే. అయినా ఎంపీడీవో ముందు మైకు పట్టుకుని ఒక లంబాడా ఆడమనిషి తన లెక్క తాను చెప్పుకోవడం అంతకు ముందు మా వైపు లేదు.

ఇదే సాఫ్ట్‌వేరులో ఇంకో రిపోర్టు ఉంటుంది. పని అడిగినవాళ్ళు ఎంతమంది, పని చూపించింది ఎంతమందికి. రెండు గడులు పక్కపక్కన. ఏ మండలం తీసినా, ఏ నెల తీసినా రెండు అంకెలూ దాదాపు సమానం. మామూలు మనిషి చూస్తే భలే పథకం అనుకుంటాడు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. నేను రాసే సర్వీసుకు వచ్చిన రిక్వెస్టులు, ఇచ్చిన రెస్పాన్సులు నెలల తరబడి సమానంగా కనపడితే సర్వీసు గొప్పదని ఎవరూ అనుకోరు. ఫెయిలైనవి లాగ్‌లో పడటం లేదని అనుకుంటారు. ఇక్కడా అంతే. నోటితో అడిగింది నమోదు కాదు. పని మంజూరై, మస్టరు తయారయ్యే ముందు ఫీల్డ్ అసిస్టెంటు పేర్లు రాసుకుంటాడు, ఆ పేర్లే "అడిగినవాళ్ళు"గా కంప్యూటరులోకి ఎక్కుతాయి. అడగడం, ఇవ్వడం ఒకే వేలితో టైపవుతాయి. తారీఖు వేసిన రసీదు ఎవరికన్నా ఉందా అని మా ఊళ్ళో వాకబు చేశాను. నేనడిగిన పదీ పదిహేనుమందిలో ఒక్కరి దగ్గరా లేదు. రసీదు లేకపోతే పదిహేను రోజుల గడియారం మొదలవదు, భృతి పుట్టదు.

"పనుంటె వాళ్ళే చెప్తరు కద కొడుకా, మనం అడుగుడేంది?" అంది మేనత్త.

నా ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. మా ఊరివాళ్ళకు భాష రాక కరువు పని అనడం లేదు. పైవాళ్ళు చెప్పినప్పుడు మొదలై, చెప్పనప్పుడు ఆగేదాన్ని అలాగే పిలవాలి.

2020 మార్చిలో సమ్మె చేసినందుకు తెలంగాణ ప్రభుత్వం ఏడున్నర వేల పైచిలుకు ఫీల్డ్ అసిస్టెంట్లని ఒక్కసారిగా తీసేసింది. సరిగ్గా అప్పుడే లాక్‌డౌన్. బొంబాయి, పుణె వెళ్ళినవాళ్ళంతా ఊళ్ళకు తిరిగొచ్చారు. దేశం మొత్తమ్మీద ఆ ఆర్థిక సంవత్సరంలో ఏడున్నర కోట్ల కుటుంబాలు ఈ పని చేశాయి, ఎప్పుడూ లేనంతగా. కేంద్రం బడ్జెట్‌లో పెట్టిన 61,500 కోట్లు చాలక ఇంకో 40,000 కోట్లు కలిపింది. మా దగ్గర పేర్లు రాసుకునే మనిషే లేడు. పంచాయతీ కార్యదర్శి ఒక్కడే శానిటైజేషనూ మస్టరూ నర్సరీలో మొక్కలూ చూసుకున్నాడు. ఫీల్డ్ అసిస్టెంట్లని మళ్ళీ తీసుకుంది 2022లో. ఆ దరిదాపుల్లోనే రాష్ట్రం సొంత సాఫ్ట్‌వేరు వదిలి కేంద్రం ఎన్‌ఐసీ సాఫ్ట్‌వేరుకి మారింది. ఎండాకాలం నేల గట్టిగా ఉంటుందని మట్టి తక్కువ తీసినా కూలి తగ్గకుండా మన దగ్గర వేసవి భత్యం కలిపేవాళ్ళు. కొత్త సాఫ్ట్‌వేరుతో అదీ పోయింది. ఎండ మాత్రం తగ్గలేదు.

2023 జనవరి 1 నుంచి హాజరు ఫోన్ యాప్‌లోనే పడాలన్నారు. రోజుకు రెండుసార్లు ఫోటోలు. సిగ్నలు లేని గుట్ట దగ్గర పనైతే మేటు ఫోను పైకెత్తి తిరుగుతుంటాడు. మరుసటి ఏడు జనవరి 1 నుంచి ఆధార్ చెల్లింపు తప్పనిసరి. ఆ గడువుకు ముందు, 2022-23లో, దేశంలో 5.18 కోట్లమంది పేర్లు జాబ్ కార్డుల నుంచి తీసేశారని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. తెలంగాణ వాటా 17 లక్షలు దాటింది. మేనత్త పేరు పోలేదు కానీ మూడు వారాల డబ్బులు కనపడకుండా పోయాయి. ఆధార్‌తో చివరగా ఏ ఖాతా ముడిపడితే ఆ ఖాతాకు పోతాయి కదా, ఆమెకు తెలియని ఖాతా ఒకటి బయటపడింది. ఎప్పుడో ఒక బ్యాంకు తరఫున ఊళ్ళోకొచ్చి వేలిముద్ర వేయించుకుని తెరిచిందట. పాస్‌బుక్కు లేదు. పరిగిలో రెండు రోజులు తిరిగి సరిచేయించాను. నాలాంటి మేనల్లుడు లేనివాళ్ళు ఏం చేస్తారని ఆ క్యూలో నిలబడ్డవాళ్ళని చూస్తే తెలుస్తూనే ఉంది. చాలామంది ఒకసారి వచ్చి, ఒకరోజు కూలి పోగొట్టుకుని, మళ్ళీ రారు.

టెక్నాలజీ పేదవాడికి శత్రువని నేను అనను. అలా అంటే నా అన్నం నేనే తిట్టుకున్నట్టు. పైన చెప్పిన ప్రయోగంలో కూలి పెంచిందీ ఒక టెక్నాలజీయే. ఆ స్మార్ట్‌కార్డు డబ్బుని మనిషి గడప దాకా తెచ్చింది. ఈ యాప్ మనిషి పనిలో ఉందో లేదో పైవాడికి చూపిస్తుంది. రెండూ కోడే. కానీ ఇరవై ఏళ్ళలో ఎవరూ రాయని కోడ్ ఒకటుంది. మేనత్త ఒక నంబరుకి మిస్డ్ కాల్ ఇస్తే తారీఖుతో సహా రసీదు మెసేజి వచ్చి, పదహారో రోజున భృతి దానంతటదే లెక్కపడేది. ఇది కష్టమైన ప్రోగ్రాము కాదు, ఒక చిన్న టీముకి కొద్ది నెలల పని. రాయమని అడిగినవాళ్ళు లేరు.

పట్నంలో నా స్నేహితులు "గుంత తవ్వి గుంత పూడ్చుడే కదా" అంటుంటారు. కొంత నిజమే. మా రోడ్డు పక్కన నాటిన మొక్కల్లో సగం ఎండిపోయాయి, ఇసుక మేట వేసిన కందకాలూ చూశాను. మేనత్త చెలకలో రాళ్ళు ఏరి, కట్టలు పోసింది కూడా ఈ పనిలోనే, ఇప్పుడక్కడ కంది పండుతుంది. కానీ 86 శాతం లెక్క చూశాక ఈ వాదన మీద నాకు ఆసక్తి తగ్గింది. గుంత ఎలా ఉన్నా, ఆ గుంత ఉందన్న ధైర్యంతో పక్క చేలో కూలి పెరిగింది.

అందుకే 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో తెచ్చిన కొత్త చట్టాన్ని నేను రోజుల లెక్కతో చూడలేకపోతున్నాను. వంద రోజులు 125 అయ్యాయి, సంతోషం. తెలంగాణలో కూలి 2025-26కి 307 రూపాయలు, ఆ లెక్కన ఇంకో ఏడున్నర వేలు. ఇంతకాలం కూలి మొత్తం కేంద్రమే భరించేది. ఇక మనలాంటి రాష్ట్రాలు ఖర్చులో 40 శాతం పెట్టాలి, ఏ రాష్ట్రానికి ఎంతన్నది కేంద్రం ముందే తేలుస్తుంది, దాటితే రాష్ట్రమే భరించాలి. అడిగితే పని అన్న మాటకు ముందే కేటాయింపు అనే మూత పడింది. దీని మీద పేపర్లలో చాలా వచ్చింది. నాకు ముల్లులా గుచ్చుకున్నది ఇంకో నిబంధన. విత్తే కాలం, కోసే కాలం కలిపి ఏడాదిలో అరవై రోజులు పని ఆపాలి, ఆ రోజులేవో రాష్ట్రం ముందే ప్రకటిస్తుంది. రైతులకు కూలీలు దొరకాలని.

చిన్నాయనకి ఇది ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మంచిదే గని, ఆ అరవై రోజులు ఏవేవి?" అని అడిగాడు. వ్యవసాయం తెలిసినవాడి ప్రశ్న. కలుపు కూలి పెరిగిందంటే శ్రావణంలో మస్టరు ఉండబట్టి. పత్తి ఏరే కూలి కిలోకింత అని బేరమాడగలిగారంటే దసరా, సంక్రాంతి మధ్య ఇంకో దారి ఉండబట్టి. కూలికి గిరాకీ లేని ఎండాకాలంలో మస్టరుంటే ఇల్లు గడుస్తుంది, రేటు మీద మాత్రం దాని ప్రభావం తక్కువ. మేనత్త "రాము" అన్నది శ్రావణంలో. మా మండలంలో పత్తి అక్టోబరు నుంచి ఏరతారు, కంది డిసెంబరు, జనవరిల్లో కోస్తారు, కలుపు జులై, ఆగస్టుల్లో. మూడింటికీ కలిపి అరవై రోజులు చాలవు. ఏదో ఒకటి బయట మిగులుతుంది. ఏది మిగలాలన్నది హైదరాబాదులో ఎవరో ఒక ఫైలు మీద రాస్తారు. ఆ ఫైలు మా ఊరి గ్రామసభకు ముందు వస్తుందా, చిన్నాయన లాంటివాళ్ళ వైపు మాట్లాడే ఎమ్మెల్యే దగ్గరికి ముందు వెళ్తుందా అని మేనత్తని అడిగితే, "పత్తి ఏరేటప్పుడు బందు పెడ్తరు, సూడు" అంది, చేట చెరుగుతూనే.